చోటు మారిన ఆట

పీటర్ తంగరాజ్ పేరు ఈ పత్రిక చదివే మనలో ఎంతమంది విని ఉంటారో తెలీదు. నేనైతే 2024 దాకా వినలేదు. ఆ ఏడు ఏప్రిల్‌లో ‘మైదాన్’ సినిమా వచ్చాక మా అక్క కూతురు చెప్పింది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠం చెప్పినదాన్ని, ఇరవై ఏళ్ల పిల్ల ముందు కూర్చుని ఫుట్‌బాల్ పాఠం చెప్పించుకున్నాను.

తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టాడు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే క్లబ్బుల్లో ఆడుతూ పెరిగాడు. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టాల్సినవాడన్నమాట. అలాంటివాడు తర్వాత వెనక్కి, బాగా వెనక్కి, మైదానం చివరికంటా వచ్చి గోల్‌కీపర్ అయ్యాడు. ఆ జట్టు 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన జట్టులో ఉన్నాడు, 1960 రోమ్‌కి వెళ్లిన జట్టులోనూ ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన గోల్ కాసింది ఆయనే. 1967లో అర్జున అవార్డు ఇచ్చారు. 2008లో బొకారోలో చనిపోయాడు.

ఆ జకార్తా ఫైనల్లోనే చోటు మారిన మనిషి ఇంకొకడున్నాడు. జర్నైల్ సింగ్. పంజాబువాడు, పేరున్న డిఫెండరు. అంతకుముందు ఒక మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా, డిఫెన్స్‌లోంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. తలకి కట్టుతోనే ఆడి సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒక గోల్ కొట్టాడు. 2-1తో గెలిచారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన దేశానికి ఆ తర్వాత ఇంతవరకూ బంగారం రాలేదు. రహీం హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవాడు. మరుసటి ఏడు జూన్‌లో చనిపోయాడు.

ఆటల చరిత్రలో ఇలాంటి కథలంటే ఒక ముచ్చట. మారినవాడి తెగువ గురించి చెబుతారు, మార్చినవాడి చూపు గురించి చెబుతారు. మా పిల్ల కూడా అలాగే కళ్లు మెరిపిస్తూ చెప్పింది. నేను వింటూనే ఉన్నాను గానీ మనసు ఎటో పోయింది. మన ఇళ్లలో ఆడవాళ్లు చోటు మారడమనేది రోజూ జరిగే పని. దానికి మనం వాడే మాట వేరు. సర్దుకుపోవడం అంటాం. “పిల్ల బాగా సర్దుకుపోయింది” అన్నామంటే అది పెద్ద మెచ్చుకోలు. ఎవరు ఏ చోటు నుంచి ఏ చోటుకి మారారో, ఆ కొత్త చోటులో ఏం సాధించారో ఆ మాటలో ఎక్కడా ఉండదు.

మా అమ్మమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాతయ్య పోయాడు. అమ్మమ్మకి అప్పటికి నలభై నిండలేదు. అంతవరకూ వంటిల్లూ పాడీ తప్ప ఆమెకి చేను లెక్క తెలీదు. చేను గట్టు మీదికి అన్నం క్యారేజీ తీసుకెళ్లడం, తిరిగి రావడం, అంతే. ఉప్పునీళ్లు నిలిచిన రెండెకరాలనీ వానలతో కడిగించి, దమ్ము చేయించి, నాట్లకి మనుషుల్ని తనే పిలుచుకొచ్చింది. ఎరువుల కొట్లో అప్పు ఆమె పేరునే రాసేవాళ్లు. ధాన్యం తూకం వేసే రోజున కాటా పక్కనే నిలబడి ఒక్కో బస్తాకీ గోడ మీద బొగ్గుతో గీత గీసేది. పన్నెండేళ్లు అలా చేసింది. ఊళ్లో వాళ్లు “మగాడిలా నెట్టుకొచ్చింది” అన్నారు. మామయ్యకి పెళ్లయిన ఏడు పాసు పుస్తకం అతని పేరు మీదికి మారింది. అమ్మమ్మ మళ్లీ వంటింట్లోకి వచ్చింది. మొదటిసారి మారినప్పుడు కనీసం ఊరు చెప్పుకుంది. రెండోసారి మారడం ఎవరి కంటా పడలేదు. కాటా వేసే రోజు మాత్రం వంటింట్లోంచే “ఆ బస్తా మళ్లీ వెయ్యండి” అని కేకేసేది. మామయ్య విసుక్కునేవాడు. మళ్లీ వేస్తే చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది.

తంగరాజ్ చేసిందీ, అమ్మమ్మ చేసిందీ ఒకటేనని అనడం లేదు. ఒకటి ఆట, ఒకటి బతుకు. కానీ ఆయన చోటు మారినప్పుడు ఆ చోటు ఆయనది అయింది. కింద మైదానం ఉంది, వెనక రెజిమెంటు ఉంది, నెలకింత అని జీతం ఉంది, గెలిస్తే రాసిపెట్టుకునే పుస్తకం ఉంది. అమ్మమ్మకి చేను అప్పగించారు, అంతే. ఇచ్చిందీ లేదు, రాసిందీ లేదు. చోటు మారి గెలిచినవాళ్ల కథలు వింటున్నప్పుడు ఆ మనిషి కాళ్ల కింద ఏముందో కూడా చూడాలనిపిస్తుంది నాకు.

ఈ మైదానం మాట ఊరికే అనలేదు. ఇంగ్లండులో మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో మగవాళ్ల చోట్లలోకి వెళ్లిన ఆడవాళ్లు మధ్యాహ్నం విరామంలో బంతి తన్నడం మొదలుపెట్టారు. ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో ఆడితే చూడ్డానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బులన్నిటికీ ఒక ఆదేశం ఇచ్చింది. ఆడవాళ్ల జట్లకి మైదానాలు ఇవ్వొద్దని. ఆడొద్దని ఎవరూ అనలేదు చూడండి. మైదానం తీసేశారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత గానీ ఆ ఆంక్ష పోలేదు. మన దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ సమాఖ్య అంటూ ఒకటి పుట్టింది 1975లో. ఐదేళ్లకే, 1980లో, కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్లారు. నేను అప్పుడు బందరులో చదువుకుంటున్నాను. ఆ సంగతి మాకెవరికీ తెలీదు.

మా కాలేజీలో ఆడపిల్లలకి ఉన్నవి రింగు, త్రోబాల్. రెండూ ఓణీ కొంగు నడుముకి దోపుకుని, నిలబడ్డ చోటు నుంచి పెద్దగా కదలకుండా ఆడుకోవచ్చు. అందుకేనేమో వాటిని మాకు ఇచ్చారు! ఫుట్‌బాల్ ఆడే మగపిల్లల్ని సాయంత్రం బస్సు కిటికీలోంచి చూసేదాన్ని. చివర ఒకడు ఒంటరిగా నిలబడి ఎందుకు అరుస్తూ ఉంటాడో అర్థమయ్యేది కాదు.

నిజానికి మా ప్రాంతం వాళ్లకి చోట్లు మారడం కొత్తేమీ కాదు. కూచిపూడి మాకు దగ్గరే. తరతరాలుగా అక్కడ సత్యభామ వేషం మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ నడకలోని ఒయ్యారం గురించి మా పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. గొప్ప కళాకారుడే, నాకు అందులో అనుమానం లేదు. ఆడవాళ్ల చోటులో మగవాడు నిలబడితే అది కళ అయింది. మోపిదేవిలో మా అక్క కూతురు నిక్కరు వేసుకుని వీధిలో బంతి తంతే మాత్రం మగరాయుడు అన్నారు.

ఈ పిల్ల గురించి చెప్పాలి. అక్కకి పెళ్లయిన ఆరేళ్లకి పుట్టింది. మా ఊరి సుబ్బారాయుడి గుడికి పిల్లల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పుట్టలో పాలు పోస్తారు, పుట్టాక తలనీలాలివ్వడానికీ చెవులు కుట్టించడానికీ మళ్లీ వస్తారు. గుడి వీధిలోనే ఉంటున్న మా అక్క ఆరేళ్లు రోజూ ప్రదక్షిణాలు చేసింది. అంత మొక్కుకుని కన్న పిల్ల కాబట్టి చిన్నప్పుడు ఏం చేసినా ముద్దే. స్కూల్లో కబడ్డీ ఆడింది. బందరులో డిగ్రీలో చేరాక ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. పొడుగు పిల్ల, తిన్నగా పరిగెత్తమంటే గుర్రం. ఎడమ వింగులో పెట్టారు. రెండేళ్లలో రెండే గోల్స్ కొట్టింది. “మలుపు తిరిగేలోపు బంతి పోతుంది పిన్నీ” అనేది. మ్యాచ్‌లో సగం సేపు బయట కూర్చునేది. ఆ కూర్చోవడం గురించి ఇంట్లో చెప్పేది కాదు.

రెండో ఏడు మాఘమాసంలో జట్టు గోల్‌కీపర్‌కి పెళ్లయింది. చల్లపల్లిలో ఇచ్చారు. పరీక్షలైతే రాయనిస్తామన్నారు గానీ ఆట మాట ఎత్తలేదు. ఆ అమ్మాయి కూడా ఎత్తలేదు. కాలేజీ పి.డి. మేడమ్ మా పిల్లని పిలిచి “నువ్వు గోల్‌లో నిలబడు” అంది. పొడుగుంది, కబడ్డీ ఆడింది కాబట్టి నేల మీద పడ్డానికి భయపడదు. మేడమ్ లెక్క సరైనదే. పిల్ల మాత్రం ఇంటికొచ్చి ఏడ్చింది. అక్క ఫోన్ చేసి “ఏదో అన్నారంట, నువ్వు మాట్లాడు” అంది. అక్క గొంతులో కొంచెం ఆశ కూడా వినబడింది, దీంతో ఆట మానేస్తుందేమోనని.

ఫోన్లో పిల్ల అన్నమాట నన్ను పట్టుకుంది. “చిన్నప్పుడు గల్లీలో ఆడేటప్పుడు ఎవరికి ఆట రాదో వాళ్లని గోల్‌లో నిలబెట్టేవాళ్లం పిన్నీ. నన్నూ అందుకే నిలబెడుతున్నారు.” నా నోటి చివరికి వచ్చిన మాట ఏమిటో మీరు ఊహించగలరు. సర్దుకోమని. మన నాలుకల మీద అది అంత సిద్ధంగా ఉంటుంది. ఏమీ అనకుండా ఊరుకున్నాను. కాసేపటికి తనే “తంగరాజ్ కూడా మొదట ఫార్వర్డే కదా” అంది. అంతకుముందు నాకు చెప్పిన పాఠాన్ని తనకి తనే చెప్పుకున్నట్టుంది.

మర్నాడు వెళ్లి మేడమ్‌ని మూడు సంగతులు అడిగిందట. ఇది ఈ ఒక్క టోర్నమెంటుకా, ఎప్పటికీనా? కీపర్ గ్లవ్స్ కాలేజీ కొంటుందా, పాతవే వేసుకోవాలా? తక్కినవాళ్లు పరుగులు తీసే గంటలో తనకి విడిగా నేర్పేదెవరు? తెలుగు డిపార్టుమెంటులో ముప్పై ఏళ్లు ఏ పని అప్పజెప్పినా నేను ఇలాంటి ఒక్క ప్రశ్న కూడా అడిగినట్టు గుర్తులేదు. ఎప్పటికీ అనే మేడమ్ చెప్పింది. గ్లవ్స్ కాలేజీ కొనలేదు, మేడమ్ తన డబ్బుతో కొంది. మూడోదానికి మాత్రం ఆమె దగ్గర జవాబు లేదు. ఆమె ఆడింది కబడ్డీ.

జవాబు చల్లపల్లిలో దొరికింది. పెళ్లయి వెళ్లిన అమ్మాయి మా పిల్లకి ఫోన్ చేసి, ఆదివారాలు రమ్మంది. బందరు బస్సు చల్లపల్లి మీదుగానే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వాళ్ల అత్తవారింటి వెనక కళ్లం ఉంది, వరిగడ్డి వాము ఉంది. ఆ గడ్డి పరిచి దాని మీద పడ్డం నేర్పింది. పడ్డం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని నాకు అప్పుడే తెలిసింది. మోచెయ్యి ముందు ఆనితే విరుగుతుంది. పిక్క, తొడ, నడుము పక్క, భుజం, ఆ వరుసలో నేలకి ఆనాలి. బంతి రెండు చేతుల్లో ఉంటే మూడోవైపు నేల పట్టుకుంటుంది. బొటనవేళ్లు దగ్గరగా పెట్టి అరచేతులు బంతి వెనక ఉండాలి. ఇంకా ముఖ్యమైనది, గీత మీదే నిలబడిపోకూడదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ అదే కొలత. గీత మీదే ఉంటే అంతా ఖాళీగా కనబడుతుంది కొట్టేవాళ్లకి. నాలుగు అడుగులు ముందుకి వెళితే ఆ ఖాళీ సన్నబడుతుంది. వెనక ఖాళీ వదిలి ముందుకి వెళ్లడానికి ధైర్యం కావాలట. ఇదంతా ఆ అమ్మాయి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కిందపడి చూపించి మరీ చెప్పింది. అప్పటికి మూడో నెల కాబోలు, నాలుగో ఆదివారం నుంచి పడ్డం మానేసి మాటతోనే చెప్పింది.

తర్వాత వచ్చింది గొంతు. పదిమంది ఆటగాళ్లు ముందుకి చూస్తుంటారు. మొత్తం మైదానం కనిపించేది గోల్‌కీపర్‌కి ఒక్కదానికే. అందుకని ఆమె అరవాలి. ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎటు నుంచి వస్తున్నారు, ఎవరు వెనక్కి రావాలి... అన్నీ అరిచి చెప్పాలి. బస్సు కిటికీలోంచి నాకు అర్థం కాని సంగతి నలభై ఏళ్లకి అలా తెలిసింది. గాల్లో వచ్చే బంతిని తనే పట్టుకోదలిస్తే “నాది” అని గట్టిగా అనాలి. లేకపోతే తన జట్టువాళ్లే వచ్చి గుద్దుకుంటారు. ఆ పిల్లలిద్దరూ కళ్లంలో నిలబడి “నాది! నాది!” అని అరుస్తుంటే అత్తగారు దొడ్డి గుమ్మంలోకి వచ్చి “ఏంటమ్మా నీది?” అని అడిగిందట. ఇద్దరూ గడ్డిలో పడి నవ్వారట. మా పిల్ల ఇది చెబుతున్నప్పుడు నేనూ నవ్వాను గానీ, ఆ పెద్దావిడ ప్రశ్న ఆ రాత్రి చాలాసేపు నన్ను నిద్రపోనివ్వలేదు. మా ఇంట్లో ఆడపిల్ల మాట గడప దాటకూడదనేవాళ్లు. అమ్మమ్మ ఒక్కతే దాటించేది, అదీ కాటా వేసే రోజున.

మా పిల్లకి మొదట్లో గొంతు లేవలేదు. పక్కవాళ్లు వింటారని సిగ్గు. నాలుగు మ్యాచ్‌లు ఆడేసరికి జట్టులో అందరికంటే పెద్ద గొంతు తనదే అయింది. ఇంట్లో కూడా. అక్క దీని మీదే ఎక్కువ ఫిర్యాదు చేస్తుంది.

మూడో ఏడు కాలేజీల మధ్య పోటీల్లో సెమీఫైనల్ సున్నా-సున్నాగా ముగిసి పెనాల్టీలకి వెళ్లింది. నేను చూడ్డానికి వెళ్లాను. పదకొండు మీటర్ల దూరం నుంచి తన్నిన బంతి అర సెకను అటూ ఇటూగా వచ్చేస్తుంది, చూసి దూకే వ్యవధి ఉండదు. మా పిల్ల రెండు ఆపింది. ఎలా తెలిసిందని తర్వాత అడిగాను. కొట్టే అమ్మాయి ఆనించే కాలు ఎటు తిరిగిందో చూసిందట. “కళ్లు చూడకూడదు పిన్నీ. నేను వింగులో ఉన్నప్పుడు ఎప్పుడూ కొట్టే వైపు చూసేదాన్ని కాదు. వీళ్లూ అంతే.” రెండేళ్లు వింగులో ఉండి పనికిరాకపోయిందనుకున్నదంతా అక్కడ పనికొచ్చింది. తంగరాజ్‌కి కూడా ఇలాంటిదేదో ఉండి ఉంటుందని నా ఊహ. గోల్ కొట్టాలని చూసినవాడి కళ్లు ఆయనకి లోపల ఉండే ఉంటాయి. ఫైనల్లో ఓడిపోయారు. అయినా మా పిల్లని యూనివర్సిటీ జట్టుకి ఎంపిక చేశారు. పేపర్లో జిల్లా పేజీలో రెండు వాక్యాలు పడ్డాయి, పేరులో ఒక అక్షరం తప్పుతో. అక్క ఆ ముక్క కత్తిరించి బీరువాలో పెట్టుకుంది. ఎవరికీ చూపించదు.

ఈ మధ్య చోటు మారి గెలిచిన తెలుగమ్మాయి అంటే అందరికీ గుర్తొచ్చేది శ్రీచరణి. కడప జిల్లా ఎర్రమల్లె అనే పల్లెటూరు, నాన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. పరుగు, కబడ్డీ, బ్యాడ్మింటన్ ఆడి క్రికెట్‌కి వచ్చింది. మొదట ఫాస్ట్ బౌలింగ్ వేసేది. వికెట్లు పడకపోతుంటే ఎడమచేతి స్పిన్‌కి మారింది. వేగాన్ని వదులుకోవడమంటే తక్కువ పని కాదు. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మీద తన మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. ఆ ఏడు నవంబరు 2న మన దేశం ప్రపంచ కప్పు గెలిచేసరికి ఆమె ఖాతాలో 14 వికెట్లున్నాయి. తర్వాత ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. నాకు ఆ డబ్బు కంటే ముందరి సంగతి ముఖ్యం. కిందటి తరంలో ఇంత ప్రతిభా ఉన్న అమ్మాయి వేగం తగ్గించుకుంటే, తగ్గించుకుందనే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆమె స్పిన్‌కి జీతం ఉంది, వేలంలో ధర ఉంది, స్కోరు పుస్తకం ఉంది. నిజామాబాద్ జిల్లా తండాలోంచి వచ్చిన గుగులోతు సౌమ్య పరుగు పందేల నుంచి ఫుట్‌బాల్‌కి మారి, 2025లో దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. క్రికెట్‌లో వచ్చినంత సందడి ఆమెకి రాలేదు. మన పత్రికల్లోనూ రాలేదు.

మా పిల్లకి ఇప్పుడు డిగ్రీ అయిపోయింది. అక్క మాట ఒకటే, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగులో చేరమని. మా పక్క ఊరే కదా. తెలీనివాళ్లకి చెప్పాలంటే, అవనిగడ్డ టీచరు ఉద్యోగాల కోచింగుకి పెట్టింది పేరు. శ్రీకాకుళం నుంచీ అనంతపురం నుంచీ కూడా అమ్మాయిలు వచ్చి గదులు అద్దెకి తీసుకుని చదువుతారు. ముగ్గురు నలుగురు ఒక గదిలో. చాలామందికి పెళ్లయింది, పిల్లల్ని అమ్మల దగ్గర వదిలి వచ్చారు. తెల్లవారుజామున ఆ వీధుల్లో నడిస్తే మేడల మీద నుంచి పాఠాలు వల్లెవేసే గొంతులు వినిపిస్తాయి. వాళ్లవీ చోటు మారే ప్రయత్నాలే. 2025లో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. అందులో క్రీడాకారులకి కోటా ఉంది. అక్కకి అక్కడ పట్టు దొరికింది. “ఆట వల్ల ఉద్యోగం వస్తే మంచిదేగా, మరి ఉద్యోగం వచ్చాక ఆట ఎందుకు?” అంటుంది. పిల్ల లెక్క వేరు. బి.పి.ఇడి. చేసి, గోల్‌కీపర్లకి నేర్పాలని ఉంది. బందరు చుట్టుపక్కల అలా నేర్పే ఆడమనిషి ఒక్కరూ లేరంటుంది. ఒకరున్నారు కదా, చల్లపల్లిలో, అన్నాను. “అక్కకి గ్రౌండు లేదు పిన్నీ” అంది.

అక్కని తప్పుపట్టలేను. ఆరేళ్లు తిరిగి కన్న పిల్ల. ఒక ఉద్యోగం, ఒక ఇల్లు, తర్వాత ఏమైనా. ఆటలో చోటు మారినంత తేలిగ్గా ఇంటి నుంచి బయటికి చోటు మారలేరని ఆమెకి తెలుసు. ఇప్పటికి ఒక ఒప్పందం కుదిరింది. ఉదయం అవనిగడ్డలో కోచింగు, సాయంత్రం ఊరి హైస్కూలు గ్రౌండులో ప్రాక్టీసు. హైస్కూలు ఆడపిల్లలు ఆరుగురు వస్తున్నారట. అందులో ఇద్దరు గోల్‌లోనే నిలబడతామని పట్టుబడుతున్నారు. గల్లీ ఆటలో ఎవరూ కోరుకోని చోటు. గ్లవ్స్ ఒక్క జతే కాబట్టి వంతులు వేసుకుంటున్నారు.

ఈ ఏడు ఊళ్ల జట్లతో ఒక చిన్న టోర్నమెంటు పెట్టాలని మేడమ్ అనుకుంటోంది, సంక్రాంతి సెలవుల్లో. మా పిల్ల తన బదులు ఒక సగం ఆటకి చల్లపల్లి అమ్మాయి గోల్‌లో నిలబడాలంటుంది. ఆ అమ్మాయికి బాబు పుట్టి పదినెలలు. తనకి ఇష్టమే. ఇంట్లో వాళ్లే ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే ఆదివారం వాళ్ల అత్తగారితో మాట్లాడ్డానికి నేనూ అక్కా కలిసి వెళుతున్నాం. ఆట జరిగినంతసేపూ బాబుని ఎత్తుకుంటానని అక్కే అంది.